ఏడంగుళాల చట్టం

నా గ్యారేజీలో ఉన్న 1972 నాటి డాట్సన్ 240 జెడ్‌కీ, విజయవాడ ఆటోనగర్‌లో మా నాన్న చేతికిందికి వచ్చిన అంబాసిడర్లకీ, జీపులకీ, బుల్లెట్లకీ ఓ చుట్టరికముంది. అన్నిటికీ హెడ్‌లైటు ఒకటే సైజు: ఏడంగుళాల గుండ్రటి గాజు. జపాన్‌లో పుట్టిన స్పోర్ట్స్ కారుకీ, మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూసలోంచి వచ్చిన మన అంబాసిడర్‌కీ ఒకే కొలత ఎలా కుదిరిందంటే, దాని మూలం అమెరికాలో ఉంది. 1940లో అక్కడి కార్ల కంపెనీలు, బల్బుల కంపెనీలు కూర్చుని ఈ కొలత ఖాయం చేశాయి. రాష్ట్రాలు దాన్ని చట్టంలో పెట్టాయి. అమెరికాలో కారు అమ్మాలనుకున్న ప్రతి దేశమూ ఆ గాజుకి చోటు వదిలి బాడీ గీయాల్సి వచ్చింది. పాత స్పోర్ట్స్ కారుకి మంచి లైట్లు పెట్టుకోవాలని తాపత్రయపడే నాలాంటి వాళ్లందరం ఆ చట్టంతో పేచీ పడుతున్నవాళ్లమే. దాని పుణ్యం తింటున్నవాళ్లం కూడా మేమే.

కరెంటు లైట్లకి ముందు కారు ముందు వెలిగింది కార్బైడ్ గ్యాసు. మన తిరునాళ్లలో మిఠాయి కొట్ల ముందు ఘాటు వాసనతో బుస్సుమని మండే దీపం ఉండేదే, అదే. కాల్షియం కార్బైడ్ ముక్కల మీద నీళ్లు చుక్కలుగా పడితే అసిటిలీన్ పుడుతుంది. డ్రైవరు కిందికి దిగి, కుళాయి తిప్పి, అగ్గిపుల్ల గీసి వెలిగించుకోవాలి. 1904లో ఇండియానాపొలిస్‌లో కార్ల్ ఫిషర్, జేమ్స్ ఆలిసన్ ప్రెస్ట్-ఓ-లైట్ అనే కంపెనీ పెట్టారు. గ్యాసుని సిలిండర్లో నింపి ఇస్తారు, ఖాళీ అయితే మార్చుకోవచ్చు. అందులో సంపాదించిన డబ్బుతో వాళ్లిద్దరూ మరో ఇద్దరితో కలిసి 1909లో కట్టిందే ఇండియానాపొలిస్ రేసు ట్రాకు. కార్ల పందేల చరిత్రలో అంత పెద్ద పేరున్న మైదానం హెడ్‌లైట్ల సొమ్ముతో లేచిందన్నమాట.

1912 మోడల్ కాడిలాక్‌కి చార్లెస్ కెటరింగ్ సెల్ఫ్ స్టార్టర్ బిగించాడు. సెల్ఫ్ తిరగాలంటే బ్యాటరీ ఉండాలి, బ్యాటరీ నిండాలంటే డైనమో ఉండాలి. ఆ రెండూ వచ్చాక లైట్లకీ కరెంటు దొరికింది. కార్బైడ్ దీపాల రోజులు అక్కడితో చెల్లిపోయాయి. కానీ కొత్త లైట్లకి వేరే జబ్బు పట్టుకుంది. బల్బు వెనకున్న డూముకి వెండి పూత పూసేవాళ్లు. అద్దానికీ డూముకీ మధ్య సందులోంచి దుమ్మూ చెమ్మా లోపలికి పోయి ఆ పూత నల్లబడేది. కొన్నాళ్లకి బల్బు బాగానే వెలుగుతుంటుంది, రోడ్డు మాత్రం కనపడదు. మా నాన్న షాపులో ఇదే జబ్బు 1980ల్లో కూడా చూశాను. వానాకాలం వెళ్లేసరికి డూము కొట్టేసిన లారీలు వరసకట్టేవి. డ్రైవరు బల్బు మార్చమంటాడు. నాన్న బల్బు తీసి, డూములోకి వేలు పెట్టి, నల్లగా అంటిన మసి వాడికి చూపించేవాడు.

ఈ జబ్బుకి మందు తయారైంది నేనిప్పుడుంటున్న, ఒహాయోలోని క్లీవ్‌లాండ్ శివారులోనే. నీలా పార్క్ అనే చోట జనరల్ ఎలక్ట్రిక్ వాళ్ల దీపాల ప్రయోగశాల ఉండేది. వాళ్లు డూమునీ అద్దాన్నీ రెండిటినీ గట్టి బోరోసిలికేట్ గాజుతోనే పోతపోశారు. డూము లోపలివైపు అల్యూమినియం ఆవిరిని పొరలా పట్టించారు. ఫిలమెంట్లు లోపల బిగించి, అంచులు కరిగించి రెండు ముక్కల్నీ ఒకటి చేశారు. ఇక విడిగా బల్బంటూ లేదు, లైటు మొత్తం ఒకే పెద్ద బల్బు. దీనికి సీల్డ్ బీమ్ అని పేరు పెట్టారు. చెమ్మ పోయే దారి లేదు కాబట్టి కొన్నరోజు ఎంత వెలుగిచ్చిందో చచ్చిపోయే రోజు వరకూ ఇంచుమించు అంతే ఇస్తుంది. ఫిలమెంట్ పోతే మొత్తం పీకి కొత్తది బిగించాలి. సైజు ఒకటే కాబట్టి ఏ ఊరి పెట్రోలు బంకులో అయినా దొరికేది. ఫోర్డా, బ్యూకా, క్రైస్లరా అని అడిగే పనే లేదు.

ఇంత మంచి ఏర్పాటుని చట్టం చేయడంలో తప్పేముంది? 1940 నాటికి ఏమీ లేదు. చిక్కంతా ఆ తర్వాత వచ్చింది. ఆనాటికి మేలైన దీపం ఏదో ఆ దీపం పేరే చట్టంలో రాసేశారు. రేపు అంతకంటే మేలైనది వస్తే ఏం చేయాలో రాయలేదు. 1948లో ప్రెస్టన్ టక్కర్ తన కారుకి నడిమధ్యన మూడో లైటు పెట్టి, స్టీరింగ్ ఎటు తిరిగితే అదీ అటు తిరిగేలా చేశాడు. రెండుకు మించి హెడ్‌లైట్లు కుదరవనే రాష్ట్రాల కోసం దానికో మూత కూడా చేయాల్సి వచ్చింది. చిన్నసైజు లైట్లు నాలుగు పెట్టుకోవడానికి రాష్ట్రాలన్నీ ఒప్పుకునేసరికి 1958 వచ్చింది. అవి కూడా గుండ్రటివే, సీల్డ్ బీములే.

యూరప్ దారి వేరు. 1923లో ఫ్రాన్స్‌లో లె మాన్స్ ఇరవైనాలుగు గంటల పందెం మొదలైంది. రాత్రి పూట పందెం పెడితే కంపెనీలు లైట్ల సంగతి పట్టించుకుంటాయన్నది దాన్ని తలపెట్టిన వాళ్ల ఆలోచనల్లో ఒకటి. చీకట్లో లైటు ఎంత దూరం చూపిస్తే పాదం అంతసేపు యాక్సిలరేటర్ మీద ఉంటుంది. సిబియే, మార్షల్ లాంటి ఫ్రెంచి కంపెనీలు, బ్రిటన్‌లో లూకాస్, జర్మనీలో హెల్లా, బాష్ పందేల్లో నేర్చిన విద్యని మామూలు కార్లకి తెచ్చాయి. ఫ్రాన్స్ అయితే 1930ల చివరి నుంచి 1993 దాకా తన కార్లన్నిటికీ పసుపు లైట్లే ఉండాలంది. ఎదుటివాడి కంటికి హాయిగా ఉంటుందని వాళ్ల నమ్మకం. ఇన్ని ప్రయోగాలకి వీలెందుకు చిక్కిందంటే, యూరప్ చట్టం బల్బు సైజునీ, రోడ్డు మీద వెలుగు ఎక్కడ పడాలో ఎక్కడ పడకూడదో దాన్నీ మాత్రమే పట్టించుకుంది. లైటు ఏ ఆకారంలో ఉండాలో కారు చేసేవాడికి వదిలేసింది.

అన్నిటికంటే నాకు కడుపు మండేది హాలోజెన్ కథ తలచుకుంటే. మామూలు బల్బులో టంగ్‌స్టన్ ఆవిరై గాజుకి లోపల మసిలా పడుతుంది. లోపల కాస్త అయొడిన్ ఉంచితే ఆ టంగ్‌స్టన్‌ని పట్టుకెళ్లి మళ్లీ ఫిలమెంట్ మీదే దించుతుంది. గాజు నల్లబడదు, ఫిలమెంట్‌ని ఇంకా వేడిగా, ఇంకా తెల్లగా మండించవచ్చు. దీన్ని సాధించిన ఎల్మర్ ఫ్రిడ్రిక్, ఎమెట్ వైలీ ఇద్దరూ సీల్డ్ బీమ్ పుట్టిన ఆ నీలా పార్కులోనే పనిచేసేవాళ్లు. పేటెంటు 1959లో వచ్చింది. 1962కల్లా యూరప్ కంపెనీలు దాన్ని హెచ్‌-1 పేరుతో కార్లలోకి తెచ్చాయి. 1971లో ఒకే బల్బులో హైబీమూ లోబీమూ రెండూ ఇచ్చే హెచ్‌-4 వచ్చింది. ఇల్లు దాటి వెళ్లిన ఆ దీపం సొంతూరి కార్లలోకి అడుగుపెట్టేసరికి 1970లు చివరికొచ్చాయి. అదీ సీల్డ్ బీమ్ గాజులో మూసిపెట్టి ఇస్తేనే.

హెచ్‌-4 బల్బుని ఎప్పుడైనా చేతిలోకి తీసుకుని చూడండి, గాజుని మాత్రం వేలితో ముట్టుకోకండి. ముందువైపు ఫిలమెంట్ కింద చిన్న లోహపు దొప్ప ఉంటుంది. లోబీమ్ వెలిగినప్పుడు కిందివైపు పోయే వెలుగుని ఆ దొప్ప ఆపేస్తుంది. డూము కింది సగం నుంచి తిరిగొచ్చే వెలుగు పైకి లేచి ఎదుటివాడి కళ్లలో పడేది కాబట్టి దాన్ని అక్కడే తుంచేశారు. గోడ ముందు కారు నిలబెట్టి లైటు వేస్తే పైన చీకటి, కింద వెలుగు, మధ్యన గీత గీసినట్టు కనపడుతుంది. మన లారీల హెడ్‌లైట్ల పైభాగానికి నల్లరంగు పూసేవాళ్లు కదా, దాని ఉద్దేశమూ ఎదుటివాడి కళ్లు కాపాడటమే. రంగు పూస్తే పనికొచ్చే వెలుగు కూడా పోతుంది. దొప్పకి ఏది ఆపాలో ఏది వదలాలో లెక్క తెలుసు.

అమెరికా ఇంజనీర్ల వాదన కూడా చెప్పాలి. అంత పదునుగా పైన చీకటి చేస్తే రోడ్డు మీద వేలాడదీసిన దారి బోర్డులు కనపడవన్నారు. సీల్డ్ బీమ్ కాస్త వెలుగు పైకి వదులుతుంది, బోర్డు చదువుకోవచ్చు. వెడల్పాటి హైవేలున్న దేశంలో అది కొట్టిపారేసే వాదన కాదు. అయితే వాదన ఎటున్నా, రెండిట్లో ఒకటి ఎంచుకునే అవకాశం కారు కొన్నవాడికి ఇవ్వలేదు.

1968లో కేంద్ర ప్రభుత్వపు 108వ నంబరు నియమం అమల్లోకి వచ్చాక దేశమంతా ఒకటే శాసనం. వెలిగే హెడ్‌లైటు ముందు ఎలాంటి అద్దపు మూతా ఉండకూడదు. దీని దెబ్బ ఎక్కువగా తగిలింది స్పోర్ట్స్ కార్లకే. 1961లో జెనీవాలో జాగ్వార్ ఈ-టైప్‌ని చూపించినప్పుడు దాని లైట్లు ముక్కులో కలిసిపోయి, పైన ఒంపు తిరిగిన గాజుతో ఉండేవి. అమెరికా నియమాలు చూసి 1967లో జాగ్వార్ ఆ గాజు తీసేసింది. మిగతా దేశాల్లో కొన్నవాళ్లకీ గాజు లేని కారే దక్కింది. సిట్రోయెన్ ఎస్‌ఎం అనే ఫ్రెంచి కూపేకి గాజు వెనక ఆరు లైట్లు, అందులో రెండు స్టీరింగ్‌తో పాటు తిరిగేవి. అమెరికాకి వచ్చిన దానికి బయటికి కనిపించే నాలుగు గుండ్రటి లైట్లు బిగించి పంపారు. ముక్కు చదునుగా ఉంచుకోవాలనుకున్న మరికొందరు లైట్లని లోపల దాచి, కావలసినప్పుడు పైకి లేపారు. 1936 కార్డ్ 810లో డ్రైవరు చేత్తో తిప్పి లేపేవాడు. 1963 కార్వెట్‌లో ఆ పని మోటారు చేసేది. ఆ ముచ్చట 2004 దాకా సాగింది.

నా 240 జెడ్‌కి ఇలాంటి సోకులేమీ లేవు. రెండు పక్కలా లోతుగా తవ్విన గుంటల్లో రెండు ఏడంగుళాల సీల్డ్ బీములు, అంతే. 1970లో ఇక్కడ 3,526 డాలర్లకి అమ్మారు. రెండు వేల నాలుగు వందల సీసీ, ఆరు సిలిండర్లు. పోర్షే కొనలేని కుర్రకారు ఎగబడి కొన్నారు. గంటకి 200 కిలోమీటర్లు అందుకునే కారుకి ఇచ్చినవి పొలానికి గడ్డి మోసే పికప్ ట్రక్కుకి ఇచ్చే లైట్లే. దాంతో లైట్లు మార్చుకోవడమన్నది ఆ రోజుల్లోనే ఓ చాటుమాటు వ్యవహారంగా మొదలైంది. సైజు ఒకటే కాబట్టి యూరప్ హెచ్‌-4 లెన్సు ఆ గుంటలో సరిగ్గా కూర్చుంటుంది. పోర్షే 911 వాళ్లు, డాట్సన్ వాళ్లు, బ్రిటిష్ ఎంజీల వాళ్లు పత్రికల్లో ప్రకటనలు చూసి తెప్పించుకునేవాళ్లు. పెట్టె మీద "రోడ్డు బయట వాడటానికే" అని అచ్చువేసి ఉండేది. కొన్నవాళ్లెవరూ పొలాల్లో నడపడానికి కొనలేదని అమ్మినవాళ్లకీ తెలుసు.

నా కారు విషయానికొస్తే, లెన్సుల జోలికి పోయేముందు మీటరు పెట్టి చూడమన్నది నాన్న. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 14 ఓల్టులకి పైన ఉంది. లైటు వెనక కప్లరు దగ్గర 11.5. మిగతాదంతా దారిలోనే పోయింది. ఈ కారులో హెడ్‌లైట్లకి రిలే లేదు, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్ లేదు. రెండు లైట్లు లాగే తొమ్మిది పది ఆంపియర్ల కరెంటు మొత్తం కన్సోల్‌లోని ఫ్యూజు పెట్టెలోకి వచ్చి, స్టీరింగ్ పక్కనున్న స్విచ్ కాంటాక్టుల గుండా మళ్లీ ముందుకి పోవాలి. యాభై ఏళ్ల చిలుము పట్టిన కాంటాక్టులవి. జెడ్ కార్ల ఫ్యూజు పెట్టెలు వేడికి కరగడం ఈ కార్లున్న ప్రతివాడికీ తెలిసిన సంగతే.

ఫిలమెంట్ బల్బుకి ఓల్టేజీ కాస్త తగ్గితే వెలుతురు చాలా తగ్గుతుంది. లెక్క ప్రకారం ఓల్టేజీ 3.4వ ఘాతంతో వెలుతురు మారుతుంది. హెచ్‌-4 బల్బుని పరీక్షించేది 13.2 ఓల్టుల దగ్గర. అక్కడ లోబీమ్ 1,000 ల్యూమెన్లు, హైబీమ్ 1,650 ఇస్తుంది. అదే బల్బుకి 11.5 అందిస్తే ఓల్టేజీలో పోయింది 13 శాతమే, వెలుతురులో పోయింది 37 శాతం. వైరింగ్ సంగతి చూడకుండా ఎంత ఖరీదైన లెన్సు తెచ్చినా మూడో వంతు పైగా వెలుగు దారిలోనే పోతుంది.

నాన్న ఫోన్లో చెబుతుంటే రిలేలు బిగించాను. రిలే కాళ్ల మీద ఉండే అంకెలు ఒహాయోలో ఏవో ఆటోనగర్‌లోనూ అవే.

"ముప్పైకి బ్యాటరీ లైను. మధ్యలో ఫ్యూజు పెట్టు నాన్నా. ఎనభై ఏడు నుంచి లైటుకి, మందం వైరు వెయ్యి. పాత కప్లరుకి వచ్చే వైర్లు రెండూ ఎనభై ఐదుకీ ఎనభై ఆరుకీ. ఇకనుంచి వాటి పని రిలేని లేపడమే."

"ఎర్తు?"

"బాడీకే. రంగు గీకి, ఇనుము తళుక్కుమన్నాక బిగించు. రంగు మీద బిగించి ఎర్తు రావట్లేదని నాకు ఫోను చెయ్యకు."

బిగించాక కప్లరు దగ్గర 13.4 వచ్చింది. అప్పటికింకా పాత సీల్డ్ బీములే ఉన్నాయి. అవే ఆ రాత్రి మా వీధి చివరి మెయిల్ బాక్సు దాకా చూపించాయి.

తర్వాత నాన్న ఇంకో మాటన్నాడు. "ఇక్కణ్ణుంచి రెండు హెచ్‌-4 డూములు పంపనా? సైజు ఒకటేగా, వందల్లో వస్తాయి." నిజమే, గుంటలో చక్కగా కూర్చుంటాయి. కానీ లోబీమ్ గీత రెండు పక్కలా సమానంగా ఉండదు. రోడ్డు అంచు కనపడాలని ఒక పక్క పైకి లేచి ఉంటుంది. మన దేశంలో ఎడమవైపు నడుపుతాం కాబట్టి అక్కడి డూములో అది ఎడమకి లేస్తుంది. అమెరికాలో ఎడమవైపు నుంచి వచ్చేది ఎదుటి బండి. ఆ డూము బిగిస్తే వాడి కళ్లలోకే సూటిగా కొడుతుంది. ఈ మాట చెప్పేలోపే నాన్నకి తట్టింది. "ఆగాగు, మీరు కుడివైపు పోతారు కదా. వద్దులే." చివరికి కుడివైపు ట్రాఫిక్‌కి చేసిన, ఇక్కడి రవాణా శాఖ 'డాట్' ముద్ర ఉన్న లెన్సులే కొన్నాను. 90/100 వాట్ల బల్బులు వేద్దామన్న స్నేహితుడి సలహా పక్కనపెట్టాను. 60/55 చోట అవి పెట్టించుకున్న కార్లు కప్లర్లు కరిగి మళ్లీ మా షాపుకే రావడం చూస్తూ పెరిగినవాణ్ణి. పాత డూములో ఎల్‌ఈడీ బల్బు దూర్చడమూ అంతే దండగ. ఆ డూముని సన్నటి ఫిలమెంటు ఫలానా చోట ఉంటుందని లెక్కగట్టి చేశారు. అక్కడ పలక మీద అతికించిన చిప్పులు పెడితే వెలుగు చెల్లాచెదురవుతుంది. నడిపేవాడికి ముందంతా తెల్లగా ఉంటుంది, ఎదురొచ్చేవాడికి ఏమీ కనపడదు. ఎల్‌ఈడీయే కావాలంటే లెన్సుతో సహా మొత్తం ఎల్‌ఈడీ కోసమే చేసిన ఏడంగుళాల లైట్లు జీపుల కోసం, ట్రక్కుల కోసం తయారవుతున్నాయి. అవీ ఈ కారు గుంటలో కూర్చుంటాయి.

చట్టం 1983లో సడలింది. ఫోర్డ్ కంపెనీ అర్జీ పెట్టుకున్న మీదట, మార్చుకునే బల్బుతో, కారుకి నప్పే ఆకారంలో హెడ్‌లైటు పెట్టుకోవచ్చన్నారు. 1984 మోడల్ లింకన్ మార్క్ సెవెన్ అలా వచ్చిన మొదటి కారు. గాజు బదులు ప్లాస్టిక్ లెన్సు వచ్చింది. పదేళ్లు ఎండలో ఉంటే ఆ ప్లాస్టిక్ పచ్చబడి మసకబారుతుందన్నది తర్వాత తెలిసింది. ఆ వెనక జీనాన్, దాని వెనక ఎల్‌ఈడీ లైట్లు ఒక్కొక్కటే వచ్చాయి. వెలుతురు విషయంలో ఇవాళ్టి మామూలు కారు నా జెడ్‌ని ఎక్కడికో దాటిపోయింది. దాన్ని కాదనేవాడు అర్ధరాత్రి వానలో పాత కారు నడపనివాడు.

అయినా 1983లో పోగొట్టుకున్నదేమిటో కూడా చెప్పుకోవాలి. అమెరికా 1940లో కొలతనీ వెలుగునీ రెండిటినీ కట్టేసింది. 1983లో రెండిటినీ విప్పేసింది. కొలతని మాత్రం అలాగే ఉంచి వెలుగుని వదిలి ఉంటే బాగుండేదని నా అభిప్రాయం. నలభై మూడేళ్లపాటు మంచి దీపాన్ని గుమ్మం బయట నిలబెట్టిన చట్టమే, ఎనభై ఏళ్లు దాటాక కూడా ఎవరు ఏ దీపం కనిపెట్టినా నా కారులో కూర్చునే గుంటని కాపాడిపెట్టింది. సీల్డ్ బీమ్, హాలోజెన్, ఎల్‌ఈడీ, మూడు తరాల దీపాలూ అదే రింగులో, అవే మూడు స్క్రూలతో బిగుస్తాయి.

ఇప్పటి కార్ల హెడ్‌లైటు ఆ ఒక్క మోడల్‌కే పనికొస్తుంది. పగిలితే వెయ్యి డాలర్లు దాటడం మామూలే. కంపెనీ తయారీ ఆపేస్తే తుక్కు యార్డులో వెతుక్కోవాలి. అది దొరికినా కారులోని కంప్యూటరు దాన్ని తనదిగా ఒప్పుకోవాలి. ఇవాళ కొన్న స్పోర్ట్స్ కారుని యాభై ఏళ్ల తర్వాత ముచ్చటపడి నిలబెట్టుకునే కుర్రాడికి మా నాన్న చెప్పిన ముప్పై, ఎనభై ఏడు అంకెలు అక్కరకి రావు. వాడికి ముందుగా కావలసింది ఆ లైటుకి సాఫ్ట్‌వేరు రాసినవాడి ఫోన్ నంబరు.